ఇంకొకరికి అరవై వాట్లు

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నా గదిలో ఆపి ఉంచిన కంప్యూటర్ వెనక ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగింది. కరెంటు వచ్చిన ప్రతిసారీ అది అంతే చేస్తుంది. ఎందుకలా తిరుగుతుందో నాకు ఒకాయన చెప్పాడు. చెప్పాక ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రెండో మాట వల్ల, ఫ్యాను కదిలినప్పుడు అటు చూడకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను. మొన్న మాత్రం చూశాను. సరిగ్గా అప్పుడే నాన్న భోజనానికి వచ్చి, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ కిటికీలోంచి చెప్పాడు.

"తక్కెడ సాయిబు పోయాడంటమ్మా. పది రోజులైందంట. నాకిప్పుడే తెలిసింది."

ఆయనకు వేరే పేరుంది. దుకాణం బోర్డు మీద రాసి ఉండేది. కానీ పత్తి నూగు పట్టీ పట్టీ బోర్డు మీద అక్షరాలు బూజులా కనపడేవి, ఎవరూ చదివేవాళ్ళు కాదు. చిలకలూరిపేటలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల వెనక సందులో ఆ దుకాణం. కంప్యూటర్లు బిగించేవాడు, బాగుచేసేవాడు. ఆ పని చేసేవాళ్ళు పేటలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళ దుకాణాలకు అద్దాల తలుపులు, చల్లటి గాలి. ఈయన దుకాణంలో మాత్రం నడిమధ్యన దూలానికి ఒక తక్కెడ వేలాడేది. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకిన మనిషి. దూది తూచిన ఆ తక్కెడలో కొడుకు కరెంటు డబ్బాలు తూచేవాడు.

కంప్యూటర్ పెట్టెలో వెనకవైపు పైమూలన ఒక ఇనప డబ్బా ఉంటుంది. గోడలోంచి కరెంటు తీసుకుని, లోపలున్న ఒక్కోదానికీ దాని వాటా పంచుతుంది. పుస్తకాల్లో పవర్ సప్లై అని ఉంటుంది, పేటలో అందరూ ఎస్ఎంపీఎస్ అంటారు. ఎన్ని వాట్లు పంచగలదో దాని మీద కాగితం అంటించి ఉంటుంది. ఆయన ఆ కాగితాన్ని చదివేవాడు కాదు. డబ్బాను ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో తనకు నమ్మకమైన పాత డబ్బా ఒకటి పెట్టి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. తేలిగ్గా ఉంటే లోపల రాగి తక్కువ, మాట ఎక్కువ అనేవాడు. తర్వాత దాని తీగల్లో పచ్చదాన్నీ నల్లదాన్నీ చిన్న తీగముక్కతో కలిపేవాడు. అలా కలిపితే కంప్యూటర్ లేకపోయినా డబ్బా లేస్తుంది, దాని ఫ్యాను తిరుగుతుంది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. వాళ్ళ నాన్న ఏకుడు విల్లు నారి మోగినప్పుడు, దూదిలో ఎక్కడ గింజ మిగిలిందో ఆ మోతలో తెలిసిపోయేదట. డబ్బాల్లో కూడా గింజ ఉంటే వినపడుతుందని ఆయన నమ్మకం.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బల్ల మీద అలాంటివి ఏడో ఎనిమిదో వరసగా తిరుగుతున్నాయి. దేనికీ ఏ కంప్యూటరూ తగిలించి లేదు. మిల్లులు మూసి ఉండే వేసవి కాలం, సందులో మనిషి అలికిడి లేదు. ఎవరికీ కాని గాలి ఆ గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఎప్పటిదో దూది నూగు నేల మీద నుంచి లేచి, నా మోకాళ్ళ దాకా వచ్చి, మళ్ళీ కూర్చుంటోంది. ఆయన వాటి మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు.

టీ గ్లాసు అందుకునేటప్పుడు చూశాను. ముందు చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు గ్లాసుకు ఆనించాడు. ఒక క్షణం ఆగాడు. తర్వాత పట్టుకున్నాడు. తలుపు గొళ్ళెమైనా అంతే, సైకిలు హ్యాండిలైనా అంతే. దుకాణానికి ఎవరైనా చంటిపిల్లను ఎత్తుకొస్తే దాని బుగ్గనూ వేళ్ళ వెనకవైపుతోనే ముట్టుకునేవాడు. వేడి చూస్తున్నాడేమో అనుకునేవాళ్ళు. కాదు. కరెంటు పని చేసేవాళ్ళకు తెలిసిన సంగతి ఇది. కరెంటున్న దాన్ని అరచేత్తో ముట్టుకుంటే వేళ్ళు ముడుచుకుపోయి దాన్నే పట్టుకుంటాయి, ఇక వదలవు. వెనకవైపుతో ముట్టుకుంటే ఆ ముడుచుకోవటమే చేతిని దూరంగా లాగేస్తుంది. మిగతావాళ్ళు ఇనుము దగ్గర మాత్రమే ఆ జాగ్రత్త పడతారు. ఆయన మనుషుల దగ్గర కూడా పడేవాడు.

మనిషి మాత్రం ముచ్చటగా మాట్లాడేవాడు. మిర్చి కమీషన్ కొట్ల నుంచి వచ్చిన పెట్టె మూత తీస్తే దుకాణంలో అందరికీ తుమ్ములు. ఆ తుమ్మును బట్టి ఏ కొట్టుదో చెప్పేవాడు. ఆ మొదటిరోజు నేనుండగానే, బస్టాండు దగ్గర కంప్యూటర్ ఆటల సెంటరు నడిపే అతను గొడవకు వచ్చాడు.

"డబ్బా మీద నాలుగొందల వాట్లు అని రాసుంది గదా సాయిబూ. చాలదంటావేంది? కళ్ళు కనపడటంలా?"

"కనపడతన్నాయి. మీ బావమరిది పెళ్ళి కార్డు మీద ఏడింటికి విందు అని రాశారు. ఎన్నింటికి పెట్టారు?"

"తొమ్మిదిన్నరకి."

"మరింకేం. రాసింది తిని ఏడింటికే ఇంటికి పోకపోయావా?"

అతను నవ్వేశాడు. అప్పుడు ఆయన లెక్క చెప్పాడు. మార్కెట్ యార్డులో పత్తి బోరెం, అంటే పెద్ద గోనెబస్తా, తూచాక తేమకనీ చెత్తకనీ కొంత బరువు కొట్టేస్తారు, దాన్ని తరుగంటారు. వాట్లకీ తరుగుంటుంది. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని రాసిన అంకె అది. పేట ఎండకు కొంత, సాయంత్రం పడిపోయే వోల్టేజీకి కొంత, ఫ్యానులో ఇరుక్కునే నూగుకు కొంత పోతుంది. అన్నిటికీ కలిపి మూడో వంతు కొట్టెయ్యి. నాలుగొందలంటే రెండొందల అరవై ఆరు. "ఉన్నదంతా ఇవ్వమని దేన్నీ అడగగూడదు. అడిగితే కాగుద్ది. కాగితే లోపల ఏది ఊడొస్తదో నీకు తెలవదు."

చివరి మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. పైన అటక మీద గళ్ళ తువ్వాలులో చుట్టిన ఒక మూట వైపు చూశాడు. నేనూ చూశాను. దుకాణంలో అన్నిటి మీదా నూగు ఉంది, ఆ మూట మీద లేదు.

నేను వెళ్ళిన పని ఇది. డిగ్రీ రెండో ఏడు పరీక్షలు అయిపోయాయి. చదువు కోసం కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉంది. హైదరాబాదులో ఉండే మా బావ తను వాడి తీసేసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటి, ఆటల సీడీలు కొన్ని ఇచ్చి వెళ్ళాడు. వాటిలో ఒక ఆట, మంచు కురిసిన ఖాళీ ఊళ్ళో ఒక్కదాన్నే నడుచుకుంటూ పోవటం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. బావ ఇంట్లో పది నిమిషాలు ఆడాను, ఆ ఊరు నన్ను వదల్లేదు. కానీ ఆ కార్డుకు మా పెట్టెలో ఉన్న డబ్బా చాలదు. పెద్దది కావాలి.

నాన్న పత్తి నాణ్యం చూసే పని చేస్తాడు. బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, తేమ ఎంతో పింజ పొడవెంతో చెప్పేస్తాడు. ఆ చేతిని జిల్లా అంతా నమ్ముతారు. నా కోసం పని మీద గుంటూరు వెళ్ళినప్పుడు ఆ చేత్తోనే డబ్బా ఎంచుకొచ్చాడు. రెండు రకాలు చూపించారట. రెండు చేతుల్లో రెండూ పట్టుకుని, బరువున్నది తీసుకున్నాడు. మీద నాలుగొందల యాభై అని మెరిసే కాగితం. మా నాన్నకు తెలిసిన లోకంలో మంచి సరుకు బరువుగా ఉంటుంది.

"బిగించటం మనకు చేతగాదు. తక్కెడ సాయిబు దగ్గరకు తీసుకుపో, నువ్వేం మాట్లాడక్కర్లా, ఇస్తే ఆయనే చూసుకుంటాడు" అన్నాడు.

నేను మాట్లాడలేదు. పెట్టెనూ డబ్బానూ రిక్షాలోంచి దింపించి బల్ల మీద పెట్టాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, నాతో కాకుండా పెట్టెతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏమ్మా, ఎక్కడినుంచి వచ్చావు? నీకేం కావాలి?" నాకు ప్రాణం లేచొచ్చింది. జవాబు చెప్పాల్సింది నేను కాదు కదా. నాకేం కావాలో ఇంటి దగ్గరే చీటీ మీద రాసుకొచ్చాను, అది ఇచ్చాను. ఆటల కోసం అని కూడా రాశాను. ఆడపిల్లవి నీకెందుకు అని అనలేదు.

డబ్బాను పళ్ళెంలో పెట్టాడు. పళ్ళెం ధడేలున కిందికి దిగింది. రెండో పళ్ళెంలో ఉన్న నమ్మకమైన డబ్బా పైకి లేచి, తాళ్ళు వదులై, పక్కకు వాలింది. నాన్న చెయ్యి గెలిచిందని నాకు సంతోషం వేసింది. ఆయన ముల్లును చూడలేదు. డబ్బానే చూస్తున్నాడు.

"ఎవరు కొన్నారు తల్లీ?"

"నాన్న."

"ఎట్టా చూసి కొన్నాడు?"

చెప్పలేక, రెండు చేతులూ చాపి తూచినట్టు చూపించాను.

ఆయన లేచి వెళ్ళి, గోడకున్న మెయిను స్విచ్చి ఆపేశాడు. బల్ల మీద తిరుగుతున్న ఫ్యానులన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అంతసేపూ వాటి మోతకు అలవాటు పడిపోయాను, ఆగాక చెవుల్లో ఏదో ఖాళీ. నా డబ్బాను తీసుకుని చెవి దగ్గర పెట్టి, నెమ్మదిగా, చంటిపిల్లను ఊపినట్టు ఊపాడు. ఏమీ చప్పుడు లేదు.

"ఇంకా అంటుకునే ఉంది" అన్నాడు.

నాలుగు మరలూ విప్పి మూత తీశాడు. లోపల రాగి చుట్టలున్నాయి, అవి చాలా చిన్నవి. వాటి పక్కన, ఏ తీగా తగలకుండా, సగం ఇటుకంత ఇనప ముక్క. పసుపు రంగు జిగురుతో అంటించి ఉంది. ఏ పనీ చెయ్యదు. బరువు కోసం పెట్టింది.

నాకు అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. బోరేల్లో నీళ్ళు చల్లేవాళ్ళను, మిరపకాయల టిక్కీ బస్తాల్లో మట్టి పోసేవాళ్ళను నాన్న వందల మందిని పట్టుకున్నాడు. ఆ నాన్న చేతికే ఇలా దొరకకుండా వచ్చింది.

ఆయన అటక మీద నుంచి తువ్వాలు మూట దించాడు. దాన్నీ ముందు వేళ్ళ వెనకవైపుతో ముట్టుకుని, ఆగి, అప్పుడు పట్టుకున్నాడు. ముడి విప్పాడు. అందులో సగం కాలిన పాత డబ్బా, విడిగా ఒక ఇనప ముక్క. పళ్ళేలు ఖాళీ చేసి, ఆ ముక్కను ఒకదాంట్లో, నా డబ్బాలోంచి ఊడదీసిన ముక్కను రెండోదాంట్లో పెట్టాడు. ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడింది. నిట్టనిలువుగా. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఐదేళ్ళ ఎడంలో తెగినయ్యి" అన్నాడు. "ఒకే చెయ్యి కోసింది."

తర్వాత ఆయన తక్కెడతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"మా తమ్ముడికి కంప్యూటర్ ఆటలంటే ప్రాణం. ఇంటర్ అయ్యాక మా చిన్నమ్మ కొడుకు వేటపాలెం జీడిపప్పు బట్టీల్లో పనికి రమ్మన్నాడు, పోలా. నాతోనే ఉన్నాడు. వాడి పెట్టెకు డబ్బా నేనే ఎంచాను. ఈ తక్కెడలోనే తూచాను. దిగిన పళ్ళెం చూసి మురిసిపోయాను. వాడు కొత్త కార్డు వేశాడు, ఆటాడితే పెట్టె కాగేది. ఇట్టాంటి మే నెలే. జిగురు కరిగింది. ముక్క జారి, కరెంటొచ్చే తీగకీ డబ్బా గోడకీ మధ్యన పడింది. పెట్టంతా కరెంటు. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది. ఎర్తు గుంట ఎండిపోయి ఉంది, ఎవరం నీళ్ళు పోయలా. వాడు స్నానం చేసి, తడి కాళ్ళతో వచ్చి, పెట్టె మీద చెయ్యి పెట్టాడు."

ఆయన తన అరచేతిని తెరిచి చూసుకున్నాడు. వెంటనే మూసేశాడు.

"నేనొచ్చేసరికి కరెంటు పోయింది. ఐనా వాడు పెట్టెను వదల్లా."

ఆయన ఆ డబ్బాను నాకు తిరిగి ఇవ్వలేదు. "ఇది నా దగ్గర ఉంటది. దీన్ని మాత్రం నువ్వు అడగమాక" అని, ఒక చీటీ ముక్క తీసుకుని రాయటం మొదలుపెట్టాడు. ఆ చీటీ నా డైరీలో ఇప్పటికీ ఉంది.

ప్రాసెసర్ 95. బోర్డు 30. గ్రాఫిక్స్ కార్డు 90. హార్డ్ డిస్కు 15. సీడీలు రాసేది 20. ఫ్యాన్లు, మిగతావి 15. దాని కింద గీత గీసి 265 అని వేశాడు. నేను మనసులో కూడుతూనే ఉన్నాను, సరిపోయింది. నాలుగొందల డబ్బాకు తరుగు పోగా రెండొందల అరవై ఆరు. సరిగ్గా చాలుతుంది అనుకున్నాను. ఆయన గీత కింద ఇంకో వరస రాశాడు.

ఇంకొకరు 60.

మొత్తం 325. "ఐదొందలది కావాలి" అన్నాడు.

ఆ రోజు నా నోట్లోంచి వచ్చిన రెండో మాట అదే: "ఎవరు?"

"ఎవరో ఒకరు వస్తారు తల్లీ. రేపు నువ్వే ఇంకో డిస్కు పెడతావు, ఇంకేదో తగిలిస్తావు." అంతవరకూ మామూలుగా చెప్పాడు. చీటీ మడిచి నా ముందు పెట్టి, గొంతు తగ్గించాడు. "అట్టా రాకపోయినా ఒకడు ఉంటాడు. లెక్కలో వాడికి పెట్టకపోతే, నీ వాటాలోంచి తీసుకుంటాడు."

ఆ సాయంత్రం సంగతి విని నాన్న అన్నం ముందు కూర్చుని చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. "బస్తాలో మట్టి పోసేవాళ్ళని చూశాం గానీ, కరెంటు డబ్బాలో ఇనుము పెడతారని ఎవడు కనిపెడతాడే" అన్నాడు అమ్మతో. అన్నం కలపకుండానే లేచాడు.

వారం తర్వాత ఆయనే కొత్త డబ్బా బిగించిన పెట్టెను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఎర్తు గుంట చూడకుండా ఆటల పెట్టె ఎవరికీ ఇవ్వడట. గుమ్మంలో నిలబడి అమ్మను అడిగాడు.

"ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?"

"మేం ముగ్గురమేనండి."

"ఇంకెవరన్నా?"

"లేరండి. ఎందుకడుగుతున్నారు?"

"చెప్పుల్లేకుండా ఆ గదిలోకి ఎవరొస్తారో తెలియాలి గదమ్మా."

అమ్మ సమాధానపడింది. కానీ ఆయన అడిగేటప్పుడు అమ్మను చూడటం లేదు, మా వెనక హాలులో ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నాడు.

మా పెరట్లో బట్టలుతికే రాయి పక్కన ఎర్తు గుంట ఉంది. చుట్టూ నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది, నా చెయ్యి పట్టేంత. ఆయన సంచిలోంచి ఒక బల్బు, రెండు తీగలు తీశాడు. ఒక తీగ కరెంటుకు, ఒకటి ఎర్తుకు. ఎర్తు బాగుంటే బల్బు మామూలుగా వెలగాలి. లోపలి తీగ ఎర్రగా, నిప్పు ఆరబోతున్నట్టు కనపడింది తప్ప వెలుగు లేదు.

"ఆ రోజు మా ఇంట్లోనూ ఇట్టానే వెలిగింది" అన్నాడు. "ఇదే బల్బు."

బల్బు మీద అరవై అని ఉంది. చీటీలో చివరి వరస ఎక్కడినుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

రాతి ఉప్పు పోశాడు, బొగ్గులు వేశాడు. నేను బావిలోంచి తోడి బకెట్లు అందించాను. మూడు బకెట్లు పోసినా నేల పైన చుక్క నిలవలేదు. లోపల ఎక్కడో గటగటా తాగుతున్న చప్పుడు వచ్చింది. ఆయన వంగి చెవి పెట్టి విన్నాడు. నాలుగో బకెట్టు సగంలో ఉండగా నీళ్ళు నిలిచాయి. మళ్ళీ బల్బు పెడితే పట్టపగలు ఎండలో కూడా కళ్ళు చెదిరేలా వెలిగింది. మొదటిసారి ఆయన మొహంలో తేలిక కనపడింది.

"ఎండాకాలం రోజుకో బకెట్టు. మర్చిపోమాక. అన్నం మర్చిపోయినా పర్లేదు."

పెట్టెను గదిలో పెట్టి తీగలు తగిలించేసరికి మధ్యాహ్నం కోత మొదలై కరెంటు పోయింది. ఆయన వెళ్ళలేదు. నేల మీద కూర్చుని రెండు గంటలు ఎదురుచూశాడు. అమ్మ మజ్జిగ ఇస్తే వేళ్ళ వెనకవైపు ఆనించి, ఆగి, తీసుకున్నాడు. కరెంటు వచ్చింది. నేనింకా ఏ మీటా నొక్కలేదు. పెట్టె వెనక ఫ్యాను అరచుట్టు తిరిగి ఆగింది. నేను ఉలిక్కిపడ్డాను.

"ఏం లేదు తల్లీ. ఆపినా సరే ఇది పూర్తిగా ఆగదు, లోపల కొంచెం కొంచెం తాగుతానే ఉంటది. కరెంటు రాగానే ఒకసారి ఒళ్ళు విరుచుకుంటది."

లేచి సంచి భుజాన వేసుకున్నాడు. పెట్టె మీద చేతి వెనకవైపు ఆనించి, కాసేపు ఉంచాడు. గుమ్మం దాటుతూ, నాకు వినపడుతుందని అనుకోలేదేమో, రెండో మాట అన్నాడు.

"వచ్చాడు. చూసి పోతాడులే."

ఆ మంచు ఊళ్ళో మూడేళ్ళు తిరిగాను. ఆయన బిగించిన డబ్బా ఒక్కసారి కూడా కాగలేదు, మొరాయించలేదు. చుట్టుపక్కల ఎన్ని పెట్టెలు మాడిపోయాయో లెక్కలేదు. రోజూ గుంటలో బకెట్టు నీళ్ళు పోశాను. ఆట మధ్యలో ఒక్కోసారి, నా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు మెడ దగ్గర తెలిసేది. భయం వేసేది కాదు. ఆటంటే ప్రాణమున్నవాళ్ళు అలా నిలబడి చూస్తారు. నాకు తెలియకుండా ఇంకో అలవాటు కూడా వచ్చింది. మొదట పెట్టెను, తర్వాత గ్లాసులను, తలుపులను, చివరికి అమ్మ భుజాన్ని కూడా వేళ్ళ వెనకవైపుతో ముట్టుకుని, ఆగి, అప్పుడు పట్టుకునేదాన్ని. "అదేం చెయ్యి పెట్టటమే, అంటరానిదాన్ని ముట్టుకున్నట్టు" అని అమ్మ విసుక్కునేది.

నాన్న చెప్పిన మర్నాడు పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు దుకాణం వెనకే. దుకాణం మూసి ఉంది. ఆయన భార్య ఒక్కతే వసారాలో కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పబోయి తడబడ్డాను.

"పత్తి చూసే ఆయన కూతురివి గదా" అంది ఆమె. "గుంటలో నీళ్ళు పోస్తన్నావా?"

తల ఊపాను.

"పోస్తుందిలే ఆ పిల్ల అనేవాడు."

దగ్గు ముదిరి నెల రోజులు మంచం మీద ఉన్నాడట. ఊపిరితిత్తుల నిండా నూగే అన్నారట డాక్టర్లు. ఆమె ఏడవకుండా చెప్పుకుంటూ పోయింది. నేను అడగకుండానే చెప్పింది, అడగనివాళ్ళకే చెప్పగలిగే సంగతి.

"మరిది పోయిన కాడ్నించి ఎనిమిదేళ్ళు, ఆయన అరచెయ్యి నేను ఎరగనమ్మా. జ్వరమొస్తే నుదురు చూసినా వేళ్ళ వెనకమాలే. నన్ను కూడా పెట్టెను చూసినట్టే చూసేవాడు. పోయిన రోజు పొద్దున్నే మంచినీళ్ళు అడిగాడు. గ్లాసు తెచ్చా. చెయ్యి చాపాడు. అరచెయ్యి పైకి పెట్టి. గ్లాసు కోసమనుకున్నా. గ్లాసు కాదు, నా చెయ్యి పట్టుకున్నాడు."

"ఏమన్నా అన్నారా?"

"ఎర్తు బాగానే ఉందిలే, అన్నాడు."

సందులో ఏదో ట్రాక్టరు పోయింది. ఆమె కొంగు మణికట్టు మీదికి లాక్కుంది.

"అంతే. పోయాక కూడా వదల్లా. గంటసేపు అట్టానే కూర్చున్నా. చివరికి మా అన్నయ్య వచ్చి, ఒక్కో వేలూ విప్పాడు. వేళ్ళు ఇనుములాగా ఉన్నయ్యంట. అన్నయ్య కూడా భయపడ్డాడు."

నేను లేచాను. ఆమె కూడా లేచి నా చెయ్యి పట్టుకోబోయింది. మూడేళ్ళ అలవాటు, నా చెయ్యి దానంతటదే తిరగబడి, వేళ్ళ వెనకవైపు ముందుకు వెళ్ళింది. ఆమె ఆగిపోయింది. ఆ వేళ్ళను చూసింది. నా మొహం చూసింది. తర్వాత నా చేతిని నెమ్మదిగా తిప్పి, నా అరచేతిలో తన అరచెయ్యి పెట్టింది. కొంగు జరిగితే మణికట్టు కనపడింది. నాలుగు వేళ్ళ గుర్తులు, లోపలివైపు బొటనవేలిది. పదకొండు రోజులకు కమిలిన చర్మం పచ్చబడి పాలిపోవాలి. అవి ఇప్పుడే పట్టి వదిలినట్టు ఎర్రగా ఉన్నాయి.

ఇంటికి వచ్చి గుంటలో బకెట్టు నీళ్ళు పోశాను. నేల గటగటా తాగింది. గదిలోకి వెళ్ళేసరికి కరెంటు లేదు, మధ్యాహ్నం కోత. చెప్పులు విప్పి, పెట్టె పక్కన నేల మీద కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. రెండు గంటలు అలాగే కూర్చున్నాను. కరెంటు వచ్చినప్పుడు ఫ్యాను అరచుట్టు తిరిగింది. నేను అటే చూస్తున్నాను. చెయ్యి తియ్యలేదు.